శుక్రవారం లోపు రిజైన్ చేయమంటున్నారు. 13 ఏళ్ల ఉద్యోగం, ఇప్పుడేం చేయాలి?

నిజాంపేట టెస్టర్

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. వయసు 38, ఇదే కంపెనీలో 13 ఏళ్ల 8 నెలలు. లీడ్ అన్నది పేరుకే, నా కింద రిపోర్ట్ చేసేవాళ్లు ఎవరూ లేరు. మొదటి నుంచీ ఒకే క్లయింట్, అమెరికాలో హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ. వాళ్లు పనంతా వేరే వెండర్‌కి ఇచ్చేశారు. కొన్నాళ్లు ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఉంచి, సోమవారం మధ్యాహ్నం "క్విక్ కనెక్ట్" అని మీటింగ్ పెట్టారు. చూస్తే మా మేనేజర్ కెమెరా ఆఫ్, పక్కన నేనెప్పుడూ చూడని హెచ్‌ఆర్ అమ్మాయి.

శుక్రవారం సాయంత్రం లోపు పోర్టల్‌లో రాజీనామా పెడితే రెండు నెలల బేసిక్ ఇస్తారట, రిలీవింగ్ లెటర్ కూడా. పెట్టకపోతే టర్మినేట్ చేస్తాం, అది కొత్త కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కనిపిస్తుంది, మీ ఇష్టం అంది. ఇదంతా నోటి మాటే, మెయిల్ అడిగితే "ఇది ఇన్‌ఫార్మల్ డిస్కషన్ మేడమ్" అంటోంది.

గ్రాస్ 1,20,000, బేసిక్ 48,000. ఫ్లాట్ ఈఎంఐ నా జీతంలోంచే పోతుంది, మావారిది కాంట్రాక్టు పని, ఒక నెల వస్తే ఒక నెల రాదు. మామగారికి స్టెంట్ వేశారు, ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. ఇంట్లో మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్తే "పోనీలే అమ్మా, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండి పిల్లల్ని చూసుకో" అంటారని తెలుసు, ఆ మాట ఇప్పుడు వినే ఓపిక నాకు లేదు.

సంతకం పెట్టాలా వద్దా? ఇన్ని ఏళ్లూ మాన్యువల్ టెస్టింగే చేసినదాన్ని బయట ఎవరైనా తీసుకుంటారా? అమీర్‌పేట వెళ్లి మళ్లీ కోర్సులో కూర్చోవాలా? నిద్ర పట్టడం లేదు, కాస్త వివరంగా చెప్పండి.

లేబర్ కోర్టు బాబాయ్

అమ్మా, శుక్రవారం అన్న గడువు వాళ్లు పెట్టుకున్నది. ఆ రోజు మీరు ఏమీ నొక్కకపోతే ఆకాశమేమీ ఊడిపడదు.

ముందు ఆఫర్ లెటర్ తీసి నోటీసు క్లాజు చదవండి. చాలా ఐటీ కంపెనీల్లో 90 రోజులు ఉంటుంది, మామూలుగా అది రెండు వైపులా వర్తిస్తుంది. మిమ్మల్ని ఇప్పటికిప్పుడు పంపాలంటే ఆ మూడు నెలల జీతం వాళ్లే ఇవ్వాలి. అందులో గ్రాస్ అని ఉందో బేసిక్ అని ఉందో చూసుకోండి. గ్రాస్ అయితే 3,60,000. వాళ్లు ఇస్తామంటున్నది రెండు నెలల బేసిక్, అంటే 96,000. మీకు రావాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు, దాన్నే ఉదారంగా ఇస్తున్నట్టు మాట్లాడుతున్నారు! రాజీనామా అంటూ పెట్టారా, మీ అంతట మీరే వెళ్లిపోయినట్టు, అడగడానికి ఇక పట్టు ఉండదు.

రెండోది. పని లేదని తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, 2025 నవంబర్ 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ లెక్క ఒకటే: సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు జీతం, ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు. మీకు 14 ఏళ్లు, అంటే 210 రోజుల జీతం. ఇది "వర్కర్" నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. మీరు లీడ్ కాబట్టి రారు అని హెచ్‌ఆర్ అంటుంది. కార్డు మీద హోదా ఏముందని కాదు, రోజూ చేసే పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. మీ కింద ఎవరూ లేరు, సెలవులు మంజూరు చేసే అధికారం లేదు, టెస్ట్ కేసులు రన్ చేసింది మీరే. దాన్ని రుజువు చేసే మెయిళ్లు ఎప్పుడు ఏ తేదీన వచ్చాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

గ్రాట్యుటీ వీటితో సంబంధం లేకుండా వస్తుంది, రాజీనామా చేసినా వస్తుంది. 48,000ని 15తో హెచ్చించి 26తో భాగిస్తే 27,692, దాన్ని 14తో హెచ్చిస్తే 3,87,000 పైచిలుకు. అదీ కనీసం. కొత్త కోడ్లలో వేతనం అంటే మొత్తంలో సగానికి తగ్గకుండా చూడాలన్న నిర్వచనం ఉంది కాబట్టి ఏ అంకె మీద లెక్క కట్టారో రాతపూర్వకంగా అడగండి. కొన్ని చోట్ల ఈ గ్రాట్యుటీనే "సెటిల్‌మెంట్ ప్యాకేజీ"లో కలిపి చూపిస్తారు, ఆ లెక్కకి ఒప్పుకోకండి.

రోజుకో జేడీ

రిక్రూటర్‌ని, పదేళ్లకు పైగా ఇదే పని. బాబాయ్ గారు చెప్పినవన్నీ కరెక్టే గానీ ఒక మాట. కేసు వేస్తే ఏళ్లు పడుతుంది, ఈఎంఐ మాత్రం 5వ తారీఖుకల్లా కట్టాలి. నా ఉద్దేశంలో చట్టాన్ని బేరానికి వాడుకోవాలి. మూడు నెలల గ్రాస్, గ్రాట్యుటీ విడిగా, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, లెటర్‌లో కారణం ఏమీ లేకుండా మామూలు రిలీవింగ్, ఇవి మెయిల్‌లో అడగండి. హెచ్‌ఆర్ నోటి మాటకి రాత జవాబు వెళ్లగానే సగం బిగువు సడలుతుంది. ఇలాంటివి చాలా చూశాను.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ బెదిరింపుకి భయపడకండి. ఆ ఏజెన్సీలు ప్రధానంగా అడిగేది చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, ఎంప్లాయీ ఐడీ. ప్రాజెక్టు పోయి వచ్చారంటే ఈ రోజుల్లో ఎవరూ తప్పుగా చూడరు. ఇంటర్వ్యూలో "క్లయింట్ వెళ్లిపోయాడు, టీమ్ మొత్తాన్ని తీసేశారు" అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి. ఆ ఒక్క వాక్యం చెప్పలేక పది నిమిషాలు సంజాయిషీ ఇచ్చేవాళ్లతోనే మాకు చిక్కు.

ఇంకోటి, మీరు వెంటనే చేరగలరు. 90 రోజుల నోటీసువాళ్లతో విసిగిపోయి ఉన్న మేనేజర్లకి అది చాలా పెద్ద విషయం, నౌకరీ ప్రొఫైల్‌లో లాస్ట్ వర్కింగ్ డే వేయండి.

"అనుభవం పెంచి చూపిస్తాం, రెండు లక్షలు కట్టండి, జాబ్ గ్యారంటీ" అని మీకు ఫోన్లు వస్తాయి. ప్రొఫైల్ అప్‌డేట్ చేసిన మర్నాడే మొదలవుతాయి. ఏ నెల ఎవరి దగ్గర పనిచేశారో పీఎఫ్ ఖాతాలో ఉంటుంది, దొంగ ఎక్స్‌పీరియన్స్ అక్కడే దొరికిపోతుంది. కట్ చేసేయండి.

క్లెయిమ్స్ వాలా

నేను అవతలి వైపు ఉంటాను, మనుషుల్ని తీసుకునే వైపు. ఒక అమెరికా హెల్త్‌కేర్ కంపెనీ సొంత సెంటర్, గచ్చిబౌలి వైపే. అక్కా, మీరు "మాన్యువల్ టెస్టర్" అని రాసుకున్న చోటే నాకు కోపం వచ్చింది.

పదమూడేళ్లు హెల్త్ ఇన్సూరెన్స్ అంటే 837 ఫైలు (ఆసుపత్రి పంపే క్లెయిమ్) విప్పి ఏ సెగ్మెంట్‌లో తప్పుందో కంటితో చూసి చెప్పగలరు కదా? ఆసుపత్రి పంపిన క్లెయిమ్‌కి ఎంత ఇచ్చాం, ఎందుకు కోశాం అన్నది 835లో చూసి, డినయల్ కోడ్ (క్లెయిమ్ ఎందుకు తిరస్కరించారో చెప్పేది) చదివి ఇది కాన్ఫిగరేషన్ తప్పా డేటా తప్పా అని డెవలపర్ కంటే ముందే చెప్పి ఉంటారు. 834 ఎన్‌రోల్‌మెంట్, 270/271 ఎలిజిబిలిటీ కూడా చూసి ఉంటారు. సెలీనియం లాంటి ఆటోమేషన్ టూల్ వచ్చినవాళ్లు నాకు రోజుకు ఎంతమందైనా దొరుకుతారు. బిల్లులో రెండో ఇన్సూరెన్స్ ఉంటే ముందు ఎవరు కట్టాలో తెలిసినవాళ్లు దొరకరు, దొరికినా వాళ్ల రెజ్యూమేలో ఆ ముక్క ఉండదు! పేజీ నిండా "ఎగ్జిక్యూటెడ్ టెస్ట్ కేసెస్, లాగ్డ్ డిఫెక్ట్స్" అనే ఉంటుంది, మీదీ అలాగే ఉంటుందని బెట్ కడతాను.

ముందు దాన్ని తిరగరాయండి. బిజినెస్ అనలిస్ట్, క్లెయిమ్స్ కాన్ఫిగరేషన్ అనలిస్ట్, యూఏటీ (యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్) లీడ్, ఈ పేర్లతో వెతకండి. కోర్సుకి డబ్బు కట్టాల్సిన పని ఇప్పుడైతే లేదు. ఎస్‌క్యూఎల్ కాస్త తుప్పు పట్టి ఉంటే ఇంట్లోనే సానపట్టుకోండి, పోస్ట్‌మన్ అనే టూల్‌తో ఏపీఐ టెస్టింగ్ నేర్చుకోండి, రెండూ ఉచితమే. ఆటోమేషన్ తర్వాత చూసుకోవచ్చు. అయితే ఒకటి, మొదటి ఆఫర్‌లో జీతం పెరగకపోవచ్చు, ఒక్కోసారి కాస్త తగ్గుతుంది కూడా. దానికి మానసికంగా సిద్ధంగా ఉండండి.

ఇర్వింగ్ కుర్రాడు

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను టెక్సస్‌లో, హెచ్1బీ వర్క్ వీసా. పోయిన వారం తీసేశారు. ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండటానికి 60 రోజులే అంటున్నారు అందరూ, అది ఏ రోజు నుంచి లెక్క?

లేబర్ కోర్టు బాబాయ్

బాబూ, ఇది వేరే థ్రెడ్‌లో పెట్టాల్సింది, అయినా నాకు తెలిసింది చెప్తా. మామూలుగా జీతం వచ్చిన ఆఖరి రోజు నుంచి 60 రోజులు, ఐ-94 (అక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు) అంతకంటే ముందే అయిపోతే అప్పటి వరకే. సెవరెన్స్ డబ్బు ఇచ్చారని ఆ గడువు పెరగదు. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ కావాలి. కుదరకపోతే గడువు ముగియకముందే బీ-2 సందర్శకుల స్టేటస్‌కి మార్చమని దరఖాస్తు పెట్టేవాళ్లు ఉన్నారు. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చి 180 రోజులు దాటి ఉంటే కంపెనీ వెనక్కి తీసుకున్నా నీ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నీ స్థానం, ఎక్కడికీ పోదు. తిరిగి వచ్చేయాల్సి వస్తే విమాన ఖర్చు ఇవ్వాల్సింది కంపెనీయే, అది అడగడం చాలామందికి తెలీదు. మిగతాది అక్కడి లాయర్‌ని అడుగు.

మిరపకాయ బజ్జీ

మేడమ్, ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు. గ్రూప్ పాలసీ సాధారణంగా ఆఖరి పని రోజుతోనే ఆగిపోతుంది. స్టెంట్ వేసిన పెద్దాయనకి కొత్తగా పాలసీ తీసుకుంటే పాత జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ పెడతారు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో గ్రూప్ నుంచి విడి పాలసీకి మారే వీలుంది, గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. అయితే కవర్ ఉండగానే దరఖాస్తు పెట్టాలి. ఇవాళే ఆ కంపెనీకి ఫోన్ చేయండి, హెచ్‌ఆర్ ద్వారా వద్దు. ఆయనకి విషయం చెప్పడానికి ఇది మంచి సందర్భం కూడా, ప్రపోజల్ ఫారం మీద ఆయన సంతకం కావాల్సి రావచ్చు.

పీఎఫ్ మాత్రం కదపకండి. ఎగ్జిట్ డేట్ (మానిన తేదీ) వేయకుండా కంపెనీ సతాయిస్తే ఆఖరి జమ అయిన రెండు నెలల తర్వాత పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. లాప్‌టాప్ లాక్ చేయకముందే పేస్లిప్పులు, ఫారం 16, ఆఫర్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు సొంత మెయిల్‌కి తెచ్చుకోండి. క్లయింట్ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, దాన్నే పట్టుకుని డబ్బు ఆపేస్తారు.

నిజాంపేట టెస్టర్

అందరికీ చాలా థాంక్స్. క్లాజు చూశాను, "90 రోజుల నోటీసు లేదా దానికి బదులు గ్రాస్ జీతం" అనే ఉంది, రెండు పక్షాలకీ. ఇన్నేళ్లలో ఆ కాగితం ఒక్కసారి కూడా చదవలేదు. మెయిల్ పెట్టేశాను. గంటలో హెచ్‌ఆర్ నుంచి టీమ్స్‌లో మెసేజ్: "మెయిల్స్ ఎందుకు మేడమ్, రేపు ఒక కాల్‌లో మాట్లాడుకుందాం." ఇప్పుడేం చేయాలి? మామగారికి ఇవాళ రాత్రి చెప్తాను, ఫారం సంగతి కూడా. క్లెయిమ్స్ వాలా గారూ, రెజ్యూమే తిరగరాసి మీకు మెసేజ్‌లో పంపొచ్చా? మీరు బెట్ గెలిచారు.

క్లెయిమ్స్ వాలా

పంపండి అక్కా. రెండు పేజీలు దాటనివ్వకండి.

రోజుకో జేడీ

కాల్‌కి వెళ్లండి, వెళ్లకపోతే సహకరించలేదంటారు. ఏ అంకె చెప్పినా "ఆలోచించి చెప్తాను" అనండి, కాల్‌లో ఉండగా పోర్టల్ తెరవమంటే తెరవకండి. కాల్ అయిన పది నిమిషాల్లో "ఇవాళ మీరు చెప్పినవి ఇవి, నేను అడిగినవి ఇవి" అని మళ్లీ మెయిల్ పెట్టండి, మీ మేనేజర్‌ని కూడా సీసీలో ఉంచి.

లేబర్ కోర్టు బాబాయ్

ఆ సీసీలో మీ సొంత మెయిల్ ఐడీ కూడా ఉండాలి. ఆఫీసు మెయిల్ ఎప్పుడు ఆపేస్తారో చెప్పలేం.