గుమస్తాగారి ఎర్రట్ట పుస్తకం మాన్పించేదెలా?

ప్రశ్న: విశాఖ పూర్ణా మార్కెట్‌లో నాన్నగారి నుంచి వచ్చిన కిరాణా హోల్‌సేల్ షాపు మాది. ఏప్రిల్ నుంచి బిల్లింగ్ మొత్తం కంప్యూటర్‌లోకి మార్చాను. మా గుమస్తాగారు ముప్పై ఏళ్లుగా ఉన్నారు. పగలు కంప్యూటర్‌లోనే బిల్లు కొడతారు. రాత్రి షట్టర్ సగం దించి, అదే లెక్క ఎర్రట్ట పుస్తకంలో మళ్లీ రాస్తారు. నిన్న రెండింటికీ 1,840 రూపాయల తేడా. చూస్తే తప్పు నాదే, కందిపప్పు కొత్త రేటు ఎక్కించలేదు. అయినా రెండు లెక్కలంటే టెన్షన్‌గా ఉంది. పుస్తకం దాచేయనా?

జవాబు: దాచకండి బాబూ. గాజువాకలో మా వర్క్‌షాప్‌లో నేనదే చేశా, స్టోర్ చూసే ఆయన మర్నాటి నుంచి రాలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1947లోనే చెప్పాడు: ముందు పాత అలవాటు కరగాలి, తర్వాత మార్పు, ఆ తర్వాత అది గడ్డకట్టాలి. మీరు మొదటిది వదిలేసి రెండోదానికి దూకారు.

ఇంకో జవాబు: మీ తప్పు పట్టింది ఆ పుస్తకమే కదండీ! రేట్లు మార్చే పని ఆయనకే అప్పగించండి, పాస్‌వర్డ్‌తో సహా.

అడిగినవారు: ఇచ్చేశానండి. పాస్‌వర్డ్ కూడా ఎర్రట్ట పుస్తకంలోనే రాసుకున్నారు.