కోటాసారస్ రెండు పేజీల బొమ్మ: రంగు పడ్డాక బరువు కనిపించడం లేదు, ఎక్కడ తప్పుతోంది?

రంగులపెట్టె:
పిల్లల పత్రికకి నడిపేజీల బొమ్మ వేస్తున్నాను. రెండు ఏ4 పేజీలు కలిపి, అంటే ఏ3 అడ్డంగా. కోటాసారస్ అనే డైనోసార్ పక్కనుంచి నడుస్తూ కనిపించాలి, పొడవు కాగితం మీద 36 సెం.మీ. 300 జీఎస్ఎం మందం కాటన్ కాగితం, గౌష్ రంగులు (నీళ్ళతో కలిపే, కింది పొరని కప్పేసే రంగులు). పెన్సిల్ గీతలో బాగానే ఉంటోంది కానీ రంగు పడ్డాక 9 మీటర్ల జంతువు తేలిపోతోంది. ఒళ్ళంతా పొలుసులు వేస్తే ఇంకా చిన్నదైపోయింది. వెనక గడ్డిమైదానం, తాటిచెట్లు పెట్టాను. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న అస్థిపంజరం ఫొటోలే ఆధారం. వచ్చే సంచిక అట్టకి ఇదే ఒంటితో రెక్కల డ్రాగన్ కూడా కావాలన్నారు. రెక్కలు ఎక్కడినుంచి మొలవాలి?

ఎముకలగూడు:
ముందు లెక్క చూడండి. 9 మీటర్లది 36 సెం.మీ.లో వేస్తే 25వ వంతు. సారోపాడ్ల (కోటాసారస్ లాంటి పొడవు మెడ, నాలుగుకాళ్ళ డైనోసార్ల) చర్మపు ముద్రలు దొరికిన చోట పొలుసులు చిన్నవి, ఒకదాని మీదికొకటి ఎక్కకుండా పక్కపక్కనే ఉంటాయి. 2 సెం.మీ. పొలుసు మీ కాగితం మీద 0.8 మి.మీ. మీరు 4 మి.మీ. పొలుసు వేశారనుకోండి, అసలు జంతువు మీద అది 10 సెం.మీ. చూసేవాళ్ళ కన్ను ఆ పొలుసునే కొలబద్దగా పట్టుకుని మొత్తం జంతువుని బల్లి సైజుకి దించేస్తుంది. అన్నీ తీసేయండి. వెలుగు నీడలోకి తిరిగే అంచు దగ్గర, భుజం మీదా తొడ మీదా, పొడికుంచెతో కాస్త గరుకు ఇస్తే చాలు. ఎండ నేరుగా పడే చోటా నిండు నీడలోనూ గరుకు కనబడదు. దానికి బదులు చర్మం మడతలు వేయండి: మెడ మొదట్లో, మోచేతి వెనక, తొడకీ పొట్టకీ మధ్య.

ఇక ఆ అస్థిపంజరం. అది ఒక్క జంతువుది కాదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువులవి 840 ఎముకలు దొరికాయి, వాటిలోంచి కూర్చింది. 1988లో శిలాజ శాస్త్రవేత్త యాదగిరి గారు దీన్ని వర్ణించారు. పుర్రె దొరకలేదు, రెండు పళ్ళు మాత్రమే దొరికాయి. కాబట్టి తలని ఆ ఫొటో చూసి దించొద్దు. చైనాలో పుర్రెతో సహా దొరికిన షునోసారస్ అనే సారోపాడ్‌ని ఆధారంగా తీసుకోండి, పళ్ళు చెంచా ఆకారం. ఫోన్‌తో దగ్గరగా, కిందనుంచి తీసిన ఫొటోలో ఛాతీ ఉబ్బి తోక కుదించుకుపోతుంది, ఆ కొలతలు నమ్మొద్దు.

తోక మొదలు సన్నగా ఉంటే మొదటికే మోసం. తొడ ఎముక వెనకనుంచి తోకలోకి పోయే పెద్ద కండరమే కాలిని వెనక్కి లాగేది. తుంటి దాటగానే తోక సన్నబడితే కాలికి బలం కనిపించదు. ముందుపాదానికి ఏనుగు గోళ్ళ వరస పెట్టకండి, లోపలివైపు బొటనవేలి గోరు ఒక్కటే.

మట్టిబొమ్మ:
బరువు తెచ్చేది నీడ. దాన్ని ఊహించి వేయడం కష్టం, బొమ్మ చేసుకుని చూడండి. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి డైనోసార్లు వేసిన చార్లెస్ నైట్ కూడా చిన్న నమూనాలు చేసుకునేవారు. వెన్నుకీ కాళ్ళకీ 3 మి.మీ. అల్యూమినియం తీగ, ఒంటికి వంటింటి ఫాయిల్ నలిపి చుట్టి, పైన ప్లాస్టిసిన్ (ఆరిపోని నూనెమట్టి). నీళ్ళమట్టి వద్దు, ఆరేటప్పుడు తీగ చుట్టూ పగులుతుంది. పొడవు 36 సెం.మీ. చేస్తే కాగితం మీది కొలత, బొమ్మ కొలత ఒకటే అవుతాయి.

మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు, అందులో 25వ వంతు 6.4 సెం.మీ. కెమెరా కన్ను బల్లమీదనుంచి సరిగ్గా ఆ ఎత్తున ఉండాలి. ఫోన్ తలకిందులుగా నిలబెడితే లెన్స్ కిందికొస్తుంది. దూరం 60 సెం.మీ., అంటే 15 మీటర్ల నుంచి చూస్తున్నట్టు. వైడ్ లెన్స్ వద్దు, రెండింతలు జూమ్ పెట్టండి. మీ బొమ్మలో దిగంతరేఖ వీపుకి పైన ఉన్నట్టుంది, తేలిపోవడానికి సగం కారణం అదే: పైనుంచి చూస్తే ఎంత పెద్దదైనా చిన్నదే. టేబుల్ లాంప్ దగ్గరగా పెడితే నీడలు విచ్చుకుంటాయి, భుజం మీది వెలుగు తోక దాకా రాదు. సాయంత్రం నాలుగింటి ఎండలో పెట్టడమే మేలు.

రంగులపెట్టె:
దిగంతరేఖ నిజంగానే వీపు మీద ఉంది, దించుతాను. ఇంకొకటి: నీడలో రెండో పొర వేస్తుంటే కింది రంగు కరిగి మురికి అవుతోంది.

గోదారిగట్టు:
గౌష్ ఆరినా తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. కింది పొర పాలంత పల్చన, పైది పెరుగంత చిక్కన, ఒక్క కుంచె వేటుతో వేసి వదిలేయాలి, రుద్దకూడదు. లేదా కింది పొర యాక్రిలిక్ గౌష్‌తో వేయండి, అది కరగదు. మరీ మందంగా పూస్తే బీటలిస్తుంది. లేత రంగులు ఆరాక కొంచెం ముదురుతాయి, ముదురువి కొంచెం తేలుతాయి, అందుకని అదే కాగితం ముక్క మీద పూసి ఆరనిచ్చి చూడండి. పొట్ట కింద నలుపు వద్దు, ఎండపడ్డ నేల రంగు అక్కడ ప్రతిఫలిస్తుంది.

గడ్డి, తాటిచెట్లు తీసేయాల్సిందే. రెండూ పూచే మొక్కలే, ఈ జంతువు బతికిన జురాసిక్ కాలంలో లేవు. ఈతచెట్టు, తామర కూడా అంతే. ఫెర్న్‌లు, సైకాడ్‌లు, గుర్రపుతోక మొక్కలు, శంకువృక్షాలు వేసుకోండి. కోటాసారస్ దొరికిన కోటా రాళ్ళ పొరల్లోనే లెపిడోటిస్ అనే చేప శిలాజాలున్నాయి, దళసరి మెరిసే పొలుసులు దానికి. నీటి ఒడ్డున ఒకటి వేస్తే జంతువు పెద్దదని కూడా తెలుస్తుంది. పొలుసులు వేసే ముచ్చట అక్కడ తీర్చుకోవచ్చు.

ఎముకలగూడు:
డ్రాగన్ సంగతి. నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు అంటే రెండో జత భుజపు ఎముకలు కావాలి. ముందుకాళ్ళ భుజం వెనక వాటికి చోటివ్వడానికి పక్కటెముకల గూడు పొడిగించండి, ఛాతీ కింద లోతు పెంచండి, రెక్కని కిందికి కొట్టే కండరాలు అక్కడ ఉండాలి. వీపు మధ్యలోంచి మొలిచిన రెక్క అతికించినట్టే కనిపిస్తుంది. రెక్క చర్మపు పొర తొడ దాకా సాగాలి. రెక్కలోని దండచేయి, ముంజేయి, వేళ్ళు అట్టముక్కలుగా కత్తిరించి పిన్నులతో కలిపి విప్పి, ముడిచి చూడండి. ముడిచినప్పుడు నేలకి తగిలితే వేళ్ళు మరీ పొడుగు. ఎగిరే జీవుల్లో అతి పెద్దవాటిలో ఒకటైన క్వెట్జల్‌కోట్లస్ రెక్కల వెడల్పు 10–11 మీటర్లు, బరువు 200–250 కిలోలని అంచనా. మీది టన్నుల్లో తూగే ఒళ్ళు. అట్టమీద ఎగరాలంటే పొట్ట సగానికి తగ్గించండి, రెక్కల వెడల్పు ఒంటి పొడవుకి రెండింతలకి తగ్గకుండా చూడండి.

మట్టిబొమ్మ:
ముద్రణకి: నడిమడత అటూ ఇటూ 1.5 సెం.మీ.లో కన్ను, గోరు, చేప ఏవీ పడకూడదు. నాలుగు వైపులా 3 మి.మీ. అదనంగా రంగు పోనివ్వండి. నీటికి మెరిసే నెమలినీలం వాడితే నాలుగు రంగుల అచ్చులో చప్పబడుతుంది, ముందే కాస్త బూడిదరంగు కలిపి వేసుకోండి.