వాక్యూమ్ గేజ్ ముల్లు నిలబడట్లేదు, రెండు కార్బ్యురేటర్లు ఒకే తీరుగా పనిచేసేటట్టు ఎట్లా సెట్ చేయాలి?

అన్నలూ, మాది హనుమకొండ. మా నాన్న వాడిన పాత 250 సీసీ బండి, రెండు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు) వణుకుతోంది, కాజీపేట వంతెన ఎక్కేటప్పుడు గుంజట్లేదు. ఇక్కడ చెవితో విని స్క్రూ తిప్పుతున్నారు, నాకది నచ్చక రెండు వాక్యూమ్ గేజ్‌లు (ఇంజిన్ గాలి పీల్చే బలం చూపే మీటర్లు) తెప్పించుకున్నా. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సందు) చూసి, ఇంజిన్ వేడెక్కాక, బండి ముందర ఫ్యాన్ పెట్టి, ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి పోయే దారి) దగ్గర గేజ్‌ల పైపులు తగిలిస్తే ముళ్లు గడగడ కొట్టుకుంటున్నాయి, రీడింగే అందట్లేదు. పైపు కొంచెం నొక్కితే ముల్లు నిలబడుతుంది గానీ మరీ నొక్కితే తప్పు చూపిస్తుందేమోనని టెన్షన్. ఎంతవరకు నొక్కాలి? గేజ్‌లు అటూ ఇటూ మార్చినా ఒకటి ఎప్పుడూ 1 అంగుళం (పాదరసం లెక్కలో) ఎక్కువే చూపిస్తోంది, ఆ తేడా తీసేసి రెండు కార్బ్యురేటర్ల మధ్య స్క్రూ తిప్పితే సరిపోతుందా? ఇంట్లో చేసుకున్నవాళ్లు చెప్పండి.