నాన్నకి పిల్లల బొమ్మల కార్డులు ఇవ్వొచ్చా?

ప్రశ్న:
నాన్నకి స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైంది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతోంది కానీ మాట దొరకడం లేదు, గ్లాసు చూపించి "అది... అది..." అని ఆగిపోతారు. మా అబ్బాయి బొమ్మల కార్డులు ఇస్తే రెండు రోజులు చూశారు, మూడో రోజు పక్కకి తోసేశారు. టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి మరి, ఆయనేమో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఏం చేయాలి?

జవాబు:
కోపం ఎలుగుబంటి మీద అయ్యుంటుంది. పద్ధతి ఉంచి బొమ్మ మార్చండి. ఆయన రోజూ వాడే వస్తువుల్ని ఫోటో తీసి కింద పెద్ద అక్షరాలతో పేరు రాయండి, మాట రాకపోతే వెంటనే మొత్తం అందించకుండా మొదటి అక్షరం పలికి ఆగండి. ఒకటి నుంచి ఇరవై, వారాల పేర్లు కలిసి చెప్పండి. మాట పోయినవాళ్లకి కూడా ఇలాంటివి తరచుగా వరసలో వచ్చేస్తాయి. స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించారా?

జవాబు:
మా అత్తయ్యకి డిమెన్షియా, అదే మతిమరుపు జబ్బు. పిల్లలకి వస్తువులు చేతికిచ్చి నేర్పే మాంటిస్సోరి పద్ధతిని ఇలాంటివాళ్ల కోసం మలిచిన కామెరాన్ క్యాంప్ అనే సైకాలజిస్ట్ గురించి చదివి మొదలెట్టాం. పజిల్ ఇస్తే విసుక్కునే ఆవిడ, "ఈ బొత్తాలు కలిసిపోయాయి, కాస్త సాయం చేస్తారా" అంటే గంటసేపు రంగుల వారీగా వేరు చేస్తారు. పరీక్ష పెట్టినట్టు అడిగితే మాత్రం అంతే సంగతులు.

ప్రశ్న అడిగింది నేనే:
థెరపిస్ట్ వారానికోసారి వస్తున్నారండీ. ఇవాళ ఆయన కళ్లజోడు ఫోటో పెట్టి "క" అని ఆగాను. కాసేపు చూసి "కళ్లజోడు" అన్నారు, తర్వాత గ్లాసుని కూడా కళ్లజోడే అన్నారనుకోండి!