పెన్నా ఒడ్డు హద్దుకు పాత అంగుళం షీటు పనికొస్తుందా?

ఏటిగట్టు: కోవూరు దగ్గర పట్టా భూమికీ నది పోరంబోకుకీ మధ్య హద్దు తగాదా. అరెకరం లోపే. ఒక పక్షం సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీటు (మైలుకు అంగుళం లెక్కన వేసిన నేల పటం) తెచ్చి "ఏరు అప్పుడు ఇక్కడే పారింది" అంటోంది. అది నిలుస్తుందా?

గొలుసుకొలత: నిలవదన్నా. మైలుకు అంగుళం అంటే 1:63,360. షీటు మీద 1 మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. ఒడ్డు గీత అర మిల్లీమీటరు మందముంటే 30 మీటర్ల నేల ఆ గీత కిందే పోయింది, ఇంక అరెకరం ఎక్కడ తేలుస్తారు? ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరువారీ పొలం కొలతల పుస్తకం) నకలు తీయండి. కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులు 66 అడుగులు. రెండు సర్వే రాళ్లు దొరికితే గీత నిలబడుతుంది, మూడో రాయితో సరిచూసుకోవాలి.

నక్షపిచ్చి: రాళ్లుంటే కదా సామీ! వరదకు కోసుకుపోయిన గట్టు మీద రాళ్లెక్కడివి? పైగా ఎఫ్‌ఎంబీకి ఏరంటే ఒక సర్వే నంబరు, అంతే. నీటి పాయ ఏ పక్కన ఉందో, ఇసుక ఎందాకా ఉందో షీటే చూపిస్తుంది. పాత ఎవిడెన్స్ యాక్టు 83వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం వేసిన పటాన్ని కోర్టు సరైనదిగానే తీసుకునేది. కేసు కోసం గీయించిన పటానికి ఆ వెసులుబాటు లేదు.

గొలుసుకొలత: ఆ నీలం పాయ సర్వే జరిగిన రోజుల నీరు. నవంబరు వరద ఒడ్డు అందులో వెతకొద్దు. మార్జిన్‌లో సర్వే ఏడాది చూడండి, అచ్చు ఏడాది కాదు.

పిక్సెల్: కొట్టుకునే ముందు సరైన షీటు పట్టండి. 14°30′ అక్షాంశం, 80° రేఖాంశం గీతలు కలిసేది కోవూరు పక్కనే, అంటే 57 ఎన్/14, 57 ఎన్/15, 66 బీ/2, 66 బీ/3 నంబర్ల నాలుగు షీట్లూ అక్కడే కలుస్తాయి. వేర్వేరు ఏళ్ల సర్వే అయితే అంచు దగ్గర ఏరు అతకదు. అది ఏరు జరగడం కాదు.

క్యూజీఐఎస్‌లో (పటాల సాఫ్ట్‌వేర్) ఎక్కువమంది బోల్తా పడేది డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం) దగ్గర. "ఇండియన్ 1975" థాయ్‌లాండ్‌ది, మనది "కల్యాణ్‌పూర్ 1975". పాత షీటు అంకెల్ని నేరుగా డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే డేటమ్) అనుకుంటే ఏరు వంద మీటర్లకు పైనే జరిగిపోతుంది, తగాదా అంతా అక్కడే పుడుతుంది. షీటును నేలకు సరిపెట్టేందుకు నాలుగు మూలలు, 5 నిమిషాల గీతల కూడళ్లు పాయింట్లుగా పెట్టండి. పాత రైలు వంతెన కొసలతో సరిచూడండి. ఒడ్డును పాయింటుగా పెట్టొద్దు. 2022లో తెరిచిన నెల్లూరు బ్యారేజీని 1855 నాటి ఆనకట్ట అనుకోవద్దు.

నక్షపిచ్చి: అన్నీ సరిచేసినా 30 మీటర్ల తేడా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ పాయ అర కిలోమీటరు ఉత్తరానికి మళ్లిందని చెప్పడానికి అది చాలు.

గొలుసుకొలత: పాయ మళ్లిన సంగతి ఎవరు కాదన్నారు? హద్దు రాయి ఎక్కడ పాతాలన్నదే కదా తగాదా.