మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టడం: కుటుంబాల మీటింగ్‌లో నేర్పాలా, వద్దా?

గోదారిగట్టు:
రాజమండ్రిలో మేం నెలకో ఆదివారం ఒక లైబ్రరీ మేడ మీద గదిలో కలుస్తాం. ఇంట్లో స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బులున్నవాళ్ళ అమ్మానాన్నలు, అన్నదమ్ములు, భార్యలు, ఒక పన్నెండు పదమూడు మంది. మా తమ్ముడికి 11 ఏళ్ళుగా స్కిజోఫ్రీనియా, నేను అలా ఇందులోకి వచ్చాను. ఎవరి గోడు వాళ్ళు చెప్పుకుంటాం, టీ తాగుతాం, అప్పుడప్పుడూ ఒక సైకియాట్రిస్టుని పిలుస్తాం. పోయిన నెల ఒకావిడ లేచి "మావాడు మాత్ర మింగడండీ, సాంబారులో కలపొచ్చా, ఎలా కలపాలి" అని అడిగారు. డాక్టరుగారు "కలపకండి" అని ఒక్క ముక్క అనేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. అంతే, గదిలో సగం మంది ముఖాలు మాడిపోయాయి, ఎందుకంటే సగం మంది కలుపుతున్నారు. ఇద్దరు ఈ నెల రామని ఫోన్ చేసి చెప్పేశారు కూడా. ఇలాంటి చోట అసలు ఏం నేర్పాలి? ఎలాగూ కలుపుతారు కాబట్టి ప్రమాదం లేకుండా ఎలాగో చెప్పాలా, లేక వద్దని గట్టిగా చెప్పి మిగిలిన నలుగురితో నడుపుకోవాలా?

చాయ్‌బ్రేక్:
తప్పే. కానీ మా బాబాయి ఇంట్లో అలా కలిపే బతికి బట్టకట్టారు. నేను పోస్టు చదివి పోతున్నా.

రూల్‌ప్రకారం:
ఇందులో చర్చేముంది? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 4 చదవండి. జబ్బుంది కదా అని మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి లేదని మీరు తేల్చేయకూడదు. చేయి దాటితే దారి లేదా అంటే, ఉంది. సెక్షన్ 94 కింద అత్యవసరంగా 72 గంటల దాకా చికిత్స చెయ్యొచ్చు. సెక్షన్ 89 కింద నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే రోగి తరఫున నిలబడే మనిషి, దరఖాస్తు పెడితే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఒప్పుకుంటే, 30 రోజుల దాకా చేర్చుకుంటారు. ఇన్ని దారులుండగా దొంగచాటుగా అన్నంలో కలపడం ఏంటండీ, పైగా అది మీటింగ్ పెట్టి నేర్పడమా?

పంతులమ్మ66:
రూల్ బాబూ, ఆ దారులన్నీ నేను నడిచాను. మా అబ్బాయికి 34. ఆరేళ్ళ కిందట రాత్రి రెండింటికి గ్యాస్ సిలిండర్ హాల్లోకి ఈడ్చుకొచ్చి, దాంట్లోంచి ఎవరో మాట్లాడుతున్నారు, విప్పి చూస్తానని కూర్చున్నాడు. అంబులెన్సు వాళ్ళు పోలీసులకి చెప్పమన్నారు, పోలీసులు ఆస్పత్రికి చెప్పమన్నారు. తెల్లారాక మా మరిది కొడుకులు నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుని కారులో పడేశారు. అప్పుడు వాడు నన్ను చూసిన చూపు మీ సెక్షన్లలో రాయరు. ఇంటికొచ్చాక ఆర్నెల్లు మింగాడు, మానేశాడు. మళ్ళీ ఆ రాత్రి రాకూడదని మొదలుపెట్టాను. మధ్యాహ్నం పెరుగన్నంలో, పైన కాస్త ఆవకాయ. డాక్టరుగారు నన్ను చూసే చీటీ రాస్తారు. ఆరేళ్ళయింది, మళ్ళీ ఆస్పత్రి మెట్లెక్కలేదు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తాడు, ఇద్దరు పిల్లలకి లెక్కలు చెప్తాడు. ఈ మధ్య ఒళ్ళు తగ్గాలని అన్నం తగ్గించి కోడిగుడ్లూ అరటిపళ్ళూ అంటున్నాడు, దానికే కొంచెం ఇబ్బంది పడుతున్నాను. మీ చట్టంలో పెరుగన్నం గురించి ఏ సెక్షనుందో చెప్పండి, చదువుతాను.

మందులషాపు:
ఎవరేం చేసినా ఒక్క విషయం. మాత్ర పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఈఆర్ అనో ఉంటే అది నూరకూడదు. రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. చాలామందికి ఇది తెలీదు.

రూల్‌ప్రకారం:
అంటే మీరు నేర్పమంటున్నారా?

మందులషాపు:
నేను నేర్పమనలేదు. ఈఆర్ మాత్ర నూరొద్దన్నాను.

రూల్‌ప్రకారం:
ఒకటి నూరొద్దంటే ఇంకోటి నూరొచ్చని కాదా అర్థం?

మందులషాపు:
కాదు. ఈఆర్ మాత్ర నూరొద్దని అర్థం.

డల్లాస్‌బాబాయ్:
మా పెద్దవాడికి బైపోలార్. ఇక్కడ అమెరికాలో నామీ అని ఒక సంస్థ ఉంది, 1979లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఇలాంటి తల్లిదండ్రులే మొదలుపెట్టారు. వాళ్ళ "ఫ్యామిలీ టు ఫ్యామిలీ" క్లాసు నేనూ మా ఆవిడా చేశాం. ఎనిమిది క్లాసులు, డబ్బులు తీసుకోరు, చెప్పేవాళ్ళు డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న మనలాంటి ఇంటివాళ్ళే. జబ్బేంటి, మందులేంటి, మనిషి అదుపు తప్పే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి, కోపం లేకుండా ఎలా మాట్లాడాలి, ఇవే. మా ఆవిడ మొదటి రోజు పేరు చెప్పి ఏడ్చేసింది, ఎవరూ కంగారుపడలేదు. అన్నంలో ఏం కలపాలన్న మాటే మాకు రాలేదు. మనవాళ్ళు కూడా అలాంటి క్లాసు పెట్టుకోవాలి.

పంతులమ్మ66:
అన్నయ్యగారూ, మీ అబ్బాయి మీ మాట విని మాత్ర మింగుతున్నాడా, లేదా? అది చెప్పలేదు.

డల్లాస్‌బాబాయ్:
ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాడమ్మా. మింగుతున్నానంటాడు.

గోదారిగట్టు:
బాబాయ్ చెప్పిన మాట్లాడే పద్ధతి సంగతి చిన్నదేం కాదు. జార్జ్ బ్రౌన్ అనే సోషియాలజిస్టు 1950ల నుంచి లండన్‌లో దీని మీద పనిచేశాడు. ఆస్పత్రి నుంచి బయటికొచ్చి అద్దె గదుల్లో ఉన్నవాళ్ళ కంటే, అమ్మానాన్నల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళకి జబ్బు ఎక్కువగా తిరగబెట్టడం చూసి, ఆ ఇళ్ళలో ఏం జరుగుతోందని ఆరా తీశారు. సణుగుడు, ద్వేషం, అతిగా పట్టించుకోవడం ఉన్న ఇళ్ళలో తిరగబెట్టేది ఎక్కువని తేలింది. అందుకే మీటింగ్‌లో ముందు నేర్పాల్సింది మాటతీరు అని నా అభిప్రాయం.

పంతులమ్మ66:
వచ్చిందీ మాట! ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. తిరిగి తిరిగి తల్లి నెత్తినే పడాలి. మా ఆయన పోయినప్పుడు బంధువులు "నువ్వు గారాబం చేశావు" అన్నారు, దర్గాకి తీసుకెళ్తే "నీ ఇంట్లో గాలి బాలేదు" అన్నారు, ఇప్పుడు లండన్ ఆయన కూడానా? అతిగా పట్టించుకోకపోతే వాడు ఈపాటికి ఏ రైల్వే స్టేషన్లోనో ఉండేవాడు. మీకు తమ్ముడు. అన్నదమ్ములు ఒకరోజు బెంగుళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతారు.

గోదారిగట్టు:
నేనెక్కడికీ వెళ్ళలేదండీ, అందుకే పెళ్ళి కూడా కాలేదు, అది వేరే విషయం. బ్రౌన్ తల్లుల వల్ల జబ్బు వస్తుందనలేదు. మన దగ్గర అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్‌గారు 1950ల్లోనే ఆవరణలో డేరాలు వేయించి, ఇంటివాళ్ళని రోగి దగ్గరే ఉంచుకుని వైద్యం చేశారు. ఇంటివాళ్ళు శత్రువులు కాదనేగా?

రూల్‌ప్రకారం:
విషయం పక్కదారి పడుతోంది. ఇంటివాళ్ళ ప్రేమ పేరుతో ఏమైనా చెయ్యొచ్చంటే తమిళనాడులో మానసిక రోగుల్ని ఉంచే ఏర్వాడిలో ఏమైంది? 2001 ఆగస్టు 6న మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసిన 28 మంది కాలిపోయారు. వాళ్ళని అక్కడ వదిలింది కూడా ఇంటివాళ్ళే.

చాయ్‌బ్రేక్:
పెరుగన్నానికీ ఏర్వాడికీ ముడిపెట్టావా అన్నా! దండం.

నల్గొండకోడలు:
నేను రెండు రోజుల నుంచి చదువుతున్నా. అందరూ తల్లి, కొడుకు అంటున్నరు. నన్ను 2016ల ఇచ్చిండ్రు, పెండ్లికి ముందు ఎవరూ చెప్పలే. రోజూ రాత్రి మా అత్తమ్మ పాలగ్లాసు నా చేతికిచ్చి "నీ చేత్తో ఇయ్యి బిడ్డా, వానికి బలం" అనేది. మూడు నెలలకు బియ్యం డబ్బాల అడుగున మాత్రల షీటు దొరికింది. అడిగితే కాళ్ళు పట్టుకుంది. తర్వాత ఆమె పోయింది, ఆ పని నాకొచ్చింది. తిట్టుకుంటనే రెండేండ్లు కలిపిన. ఒకసారి మాత్ర మార్చిండ్రు, నాలుగో రోజు ఆయన మెడ ఒక పక్కకు గుంజుకుపోయింది, నాలుక బిగుసుకుపోయింది. క్యాజువాలిటీల డాక్టరు "ఏం మందులు వాడుతున్నరు?" అని అడుగుతుంటే ఆయన ఏం లేవని సైగ చేస్తున్నడు. నేను చెప్పాలె, ఆయన ముంగటనే. చెప్పిన. సూది ఇస్తే మెడ అర్ధగంటల సర్దుకుంది. మా ఇద్దరి మధ్య మాత్రం ఏండ్లయినా సర్దుకోలే. పంతులమ్మగారూ, కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుత. మీ తర్వాత ఎవరు కలుపుతరు?

పంతులమ్మ66:
నా కూతురు. నేర్పాను.

నల్గొండకోడలు:
మీ అల్లునికి తెలుసా?

మాత్రలడబ్బా:
కొత్తగా చేరాను, విశాఖ నుంచి. నాకు స్కిజోఫ్రీనియా. ఇంతసేపూ మా కంచాల గురించి మాట్లాడుతున్నారు, కంచం ముందు కూర్చునేవాణ్ణి ఒక్కరూ అడగలేదు. జబ్బు ముదిరినప్పుడు పక్కింటివాళ్ళు నా తిండిలో ఏదో కలుపుతున్నారని నమ్మేవాణ్ణి. అది జబ్బేనని కౌన్సెలింగ్‌లో నెలలు పట్టింది నాకు ఒప్పుకోడానికి. ఆ తర్వాత ఒకరోజు మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే మా అమ్మ చపాతీ కర్రతో మాత్ర నూరుతోంది. నా జబ్బు చెప్పిన అన్నిట్లో అదొక్కటే నిజమైంది. ఇంక కౌన్సెలర్ మాట ఎందుకు నమ్మాలి, ఎవరి మాట ఎందుకు నమ్మాలి? ఎనిమిది నెలలు మా అమ్మ చేతి ముద్ద తినలేదు. గుడ్లు నేనే ఉడకబెట్టుకునేవాణ్ణి. పెంకులో ఎవరూ ఏమీ కలపలేరు కదా. అరటిపళ్ళు, తొక్క చిట్లనివి. అదీ నా భోజనం. గోదారిగట్టుగారూ, మీటింగ్‌లో ఏం నేర్పాలని అడుగుతున్నారు, ముందు మీ తమ్ముణ్ణి ఎప్పుడైనా ఆ గదికి తీసుకెళ్ళారా?

గోదారిగట్టు:
లేదు. రానిచ్చేవాళ్ళు కాదు మావాళ్ళు.

రూల్‌ప్రకారం:
చూశారా! సెక్షన్ 4 అని మొదటి రోజే చెప్పాను.

పంతులమ్మ66:
మీరు ఆగండి బాబూ కాసేపు. మాత్రలడబ్బా, నీ బాధ నాకు అర్థం కాక కాదు. కానీ ఆ గదిలోకి మీరూ వస్తే నేనేం మాట్లాడాలి? ఉదయం కాఫీ దగ్గర్నుంచి రాత్రి తలుపు గడియ దాకా ముఖం మీద నవ్వు పులుముకుని తిరుగుతాను. వాడి ముందు ఏడవలేను, చెల్లెళ్ళ దగ్గర ఏడిస్తే ఊరంతా తెలుస్తుంది. "వాడు నిద్రలోనే పోతే బావుండు" అని ఒకసారి అనుకున్నాను. రాశాను, తీసెయ్యమంటే తీసేస్తాను. వాడు పక్క కుర్చీలో ఉంటే ఇది ఎవరికి చెప్పను?

మాత్రలడబ్బా:
చెప్పుకోండమ్మా, వద్దనను. కానీ అదే గదిలో అదే రెండు గంటల్లో నాకేం మందు పెట్టాలో కూడా తేల్చేస్తే నేను ఊరుకోవాలా?

నల్గొండకోడలు:
మాత్ర ఒక్కటే కాదు లొల్లి. మీటింగ్ ఎవలిదని కదా! ఏడ్చుకునే మీటింగ్ ఒక ఆదివారం, వాళ్ళతో కలిసి కూసునే మీటింగ్ ఇంకో ఆదివారం పెట్టుకోరాదు?

అడ్మిన్:
వ్యక్తిగతంగా పోకండి. పంతులమ్మగారి పోస్టు తీసెయ్యం, ఉంటుంది.

గోదారిగట్టు:
రెండు ఆదివారాలంటే హాలు అద్దె రెండుసార్లు, అయినా చూస్తాను. పంతులమ్మగారూ, కూతురికి అప్పజెప్పడం గురించి ఒకటి ఆలోచించండి. మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఉంది, వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే చాలా వాటికి అర్హత వస్తుంది. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉంటే మీ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ అబ్బాయికి వచ్చే అవకాశం ఉండొచ్చు. కేంద్ర ఉద్యోగుల నిబంధనల్లో ఆ ఏర్పాటు ఉంది, మన రాష్ట్రం సంగతి మీ ట్రెజరీలో కనుక్కోండి. కానీ సదరం క్యాంపుకి వాడే రావాలి, డాక్టరు ముందు వాడే కూర్చోవాలి, ఏ జబ్బుకి వచ్చాడో వాడికి తెలియాలి. మా తమ్ముడి విషయంలో నేను ఇక్కడే ఇరుక్కున్నాను.

చాయ్‌బ్రేక్:
నేనింకా ఇక్కడే ఉన్నా.

(రెండు రోజుల తర్వాత)

పంతులమ్మ66:
మాత్రలడబ్బా బాబూ, ఉన్నావా? మావాడూ గుడ్లు తనే ఉడకబెట్టుకుంటున్నాడు. నెల దాటింది. డైటింగ్ అన్నాడని నమ్మాను. తర్వాత మీ అమ్మగారు నీతో మాట్లాడిందా? ఏమని మొదలుపెట్టింది?

మాత్రలడబ్బా:
ఏమీ అనలేదమ్మా. మాత్రల షీటు తెచ్చి నా కంచం పక్కన పెట్టి, "ఇది ఇన్నాళ్ళూ నేనే వేశాను" అని కింద కూర్చుంది. నేను కంచం తోసేసి వెళ్ళిపోయాను. మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టింది, నూరకుండా. అలా చాలా రోజులు. తర్వాత నేనే డాక్టరుగారితో మాట్లాడి నెలకొక ఇంజెక్షన్‌కి ఒప్పుకున్నాను, రోజూ ఆ షీటు మొహం చూడక్కర్లేదని. ఇప్పటికీ మా అమ్మ వడ్డిస్తుంటే కంచం వైపు చూస్తాను, అలవాటు. మీరు ఒక్కరే చెప్పకండి, ముందు మీ డాక్టరుగారికి చెప్పి ఆయన ఉన్నప్పుడు చెప్పండి. రాత్రిపూట భయమేస్తే 14416 టెలీమానస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు. నేను చేశాను రెండుసార్లు.

మందులషాపు:
పంతులమ్మగారూ, ఒక మాట. ఆయన నెల నుంచి పెరుగన్నం సరిగ్గా తినట్లేదంటే మందు కూడా సరిగ్గా పడట్లేదన్నమాట. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు అన్నిటికంటే ముందు అది చెప్పండి. ఆలస్యం చెయ్యకండి, రేపే వెళ్ళండి.