ఉబుంటు: బార్ ఎగురుతోంది, స్పీకర్లకు మాత్రం మూగనోము

నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని బిగించుకున్న డెస్క్‌టాప్, అందులో విండోస్ బదులు ఉబుంటు 24.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్. శనివారం రాత్రి దాకా బాగానే పాడింది. ఈరోజు పొద్దున, అనంతపురం నుంచి వచ్చిన మా నాన్నగారు భక్తి పాటలు పెట్టమంటే పెట్టాను. చప్పుడు లేదు. వాల్యూమ్ నూటికి నూరు ఉంది. స్పీకర్ల వైరు వెనక ఆకుపచ్చ రంధ్రంలోనే ఉంది. ఆ స్పీకర్లే ఫోన్‌కి పెడితే మోగుతున్నాయి. ఏదో వీడియో చూసి పల్స్‌ఆడియో అనే సౌండ్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయబోయి, భయమేసి ఆగాను. రేపు పదింటికి ఆఫీస్ కాల్ ఉంది, ఒకటే టెన్షన్.

జవాబు 1
ఆగి మంచి పని చేశారు. 24.04లో సౌండ్ సంగతి చూసేది పైప్‌వైర్ అనే వేరే సాఫ్ట్‌వేర్. సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి అవుట్‌పుట్ ఏముందో చూడండి. డమ్మీ అవుట్‌పుట్ ఉంటే సిస్టమ్‌కి సౌండ్ కార్డే దొరకలేదన్నమాట. హెచ్‌డీఎంఐ ఉంటే శబ్దం మానిటర్‌కి పోతోంది. తర్వాత పావుకంట్రోల్ (సౌండ్ ఎటు పోతోందో చూపే యాప్) వేసుకుని, పాట పెట్టి, బార్ కదులుతోందేమో చూడండి. కదిలితే పాట అక్కడిదాకా వస్తున్నట్టే, తేడా ఆ తర్వాత ఎక్కడో ఉంది.

అడిగినవారు
ఆ రెండూ కావండీ. బార్ ఎగిరెగిరి పడుతోంది. అవుట్‌పుట్ దగ్గర హెడ్‌ఫోన్స్ అని ఉంది. నేనేమో హెడ్‌ఫోన్ పెట్టనే లేదు!

జవాబు 2
అక్కా, టార్చ్ వేసి క్యాబినెట్ ముందువైపు రంధ్రంలోకి చూడండి. అందులో ఏదైనా ఇరుక్కుంటే హెడ్‌ఫోన్ పెట్టారనుకుని సిస్టమ్ వెనక స్పీకర్ల నోరు మూయిస్తుంది. ఇప్పటికైతే పావుకంట్రోల్‌లో పోర్ట్‌ని లైన్ అవుట్‌కి (అంటే వెనక ఆకుపచ్చ రంధ్రానికి) మార్చండి. అయినా రాకపోతే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఆల్సామిక్సర్ అని కొట్టి, ఎఫ్6 నొక్కి మీ కార్డు ఎంచుకుని, కుడి బాణంతో చివరిదాకా పోతే ఆటో-మ్యూట్ మోడ్ ఉంటుంది. దాన్ని డిసేబుల్డ్ చేయండి. దారిలో లైన్ అవుట్ కింద ఎంఎం (మ్యూట్‌లో ఉందని అర్థం) అని ఉంటే ఎం నొక్కండి, ఓఓ అవుతుంది.

అడిగినవారు
దొరికింది! లోపల ఇత్తడి రంగులో చిన్న ముక్క మెరుస్తోంది. మా వాడి ఇయర్‌ఫోన్ పిన్ను మొన విరిగి అందులోనే ఉండిపోయింది. రాత్రే విరిగిందట, తిడతానని మంచం కింద దాచాడు. పోర్ట్ మార్చినా రాలేదు, ఆటో-మ్యూట్ తీసేయగానే పాట ఇల్లంతా మార్మోగింది. వాల్యూమ్ నూరులో ఉందన్న సంగతి మర్చిపోయాను, నాన్నగారి చేతిలో కాఫీ ఒలికింది.

ఆ ముక్కని ఎలా తీయాలి? రిఫిల్ కొసకి ఫెవిక్విక్ రాసి అంటించమంటున్నారు మా ఆయన.

జవాబు 2
వద్దక్కా, జిగురు అటూ ఇటూ అంటితే మొత్తానికే బిగుసుకుపోతుంది. పవర్ వైరు పీకి, పక్క తలుపు తీయండి. ముందు ప్యానెల్ నుంచి మదర్‌బోర్డుకి వచ్చే వైర్లలో ఒకదాని మూతి మీద హెచ్‌డీ ఆడియో అని రాసి ఉంటుంది. దాన్ని ఊడదీస్తే చాలు. ముందు రంధ్రం పనిచేయదు, వెనకది హాయిగా మోగుతుంది.

అడిగినవారు
ఊడదీశాను, ఇప్పుడు హెడ్‌ఫోన్స్ అని చూపించట్లేదు. చాలా థ్యాంక్స్. మా వాడికి మాత్రం కొత్త ఇయర్‌ఫోన్ కావాలట, ఈసారి బ్లూటూత్‌ది.